టికెట్టు సొమ్ములో ఊరికీ వాటా

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో దేశం మొత్తం మీద 3,690కి పైగా కట్టడాలున్నాయి. వాటి కాపలాకు 7,000 మంది కావాలని, డబ్బు చాలక 2,578 మందినే, అదీ 248 చోట్ల మాత్రమే పెట్టగలిగామని 2022లో ప్రభుత్వం పార్లమెంటు స్థాయీ సంఘానికి చెప్పుకుంది. పెద్ద కోటలు, పేరున్న గుళ్లు ఆ 248లో ఉంటాయి. మిగతా 3,400 పైచిలుకు చోట్ల రాత్రిపూట ఉండేది ఊరివాళ్లే.

గుప్తనిధుల వేటగాళ్ల బెడద తెలియని పాత గుడి తెలుగు పల్లెల్లో అరుదు. నంది కింద తవ్వుతారు, లింగాన్ని పెకలిస్తారు, గర్భగుడిలో గుంత తీస్తారు. మర్నాడు పేపర్లో వార్త వస్తుంది. వార్త కానివి ఇంకా ఎన్నో ఉంటాయి. ముక్కూమొహం తెలియని మనుషులు పొద్దుగూకాక గుట్ట దగ్గర జీపు ఆపారని మేకలకాపరి కబురు పంపుతాడు. నలుగురు టార్చిలైట్లు పట్టుకుని వెళ్లేసరికి వాళ్లు ఉడాయిస్తారు. గుడి మిగులుతుంది. ఈ కాపలాకు జీతం లేదు, బత్తెం లేదు, కనీసం ఏ రిజిస్టరులోనూ దీని ఊసు లేదు.

ఇందుకు బదులుగా ఊరికి దక్కేది మటుకు ఆంక్షలు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించాక, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ గోడ లేపాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. నియమం మంచిదే. అది లేకపోతే ఎన్నో గుళ్లు ఈపాటికి లాడ్జీల మధ్య ఇరుక్కుపోయేవి. అయితే ఆ నియమం బరువు మోసేది ఎవరో చూడాలి. కొడుకు పెళ్లయితే ఇంకో గది వేసుకుందామనుకున్న రైతు, రోడ్డు పక్క రేకుల హోటలును పక్కాగా కట్టుకుందామనుకున్న కుటుంబం. ఒక్కో కట్టడానికీ దాని చుట్టుపక్కల పరిస్థితిని బట్టి విడిగా ఉపవిధులు రాయాలని ఆ చట్టమే చెప్పింది. చాలాచోట్ల అవి ఇంకా రాలేదు. కనుక ఎడారిలోని కోటకూ, నడి ఊళ్లోని గుడికీ ఒకటే కొలత.

ఇక డబ్బు. టికెట్టు పెట్టిన కట్టడాల్లో ప్రపంచ వారసత్వ హోదా ఉన్నవాటికి భారతీయులు 40 రూపాయలు, విదేశీయులు 600 కట్టాలి. మిగతావాటికి 25, 300. ఆ సొమ్ము నేరుగా కేంద్ర ఖజానాకు పోతుంది. కట్టడం ఏ ఊళ్లో ఉందో ఆ పంచాయతీకి అందులో పైసా వాటా లేదు. సందర్శకులు పారేసిన నీళ్ల సీసాలు ఏరడం, పండగ రోజుల్లో ట్రాఫిక్కు తిప్పలు పడటం, మంచినీళ్లు చాలకపోవడం మాత్రం పంచాయతీ ఖాతాలోవి.

గనుల విషయంలో ఈ దేశం ఇంతకంటే న్యాయంగా ఆలోచించింది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధిని పెట్టారు. గని తవ్వేవాడు కట్టే రాయల్టీకి అదనంగా, పాత లీజులైతే అందులో 30 శాతం, వేలంలో తీసుకున్నవైతే 10 శాతం ఆ నిధికి జమ చేయాలి. ఆ డబ్బు గని వల్ల నలిగిన ఊళ్ల కోసం ఖర్చు పెట్టాలి. ఆ నిధి ఖర్చులో లోపాలున్నాయి, అది వేరే చర్చ. సూత్రమైతే చట్టంలోకి ఎక్కింది. నేలను తవ్వి పాడుచేస్తే ఊరికి వాటా ఇస్తున్న దేశం, నేలమీది శిల్పాన్ని ఎనిమిది వందల ఏళ్లు కాపాడిన ఊరికి ఎందుకివ్వదు?

నేపాల్‌లోని భక్తపూర్‌లో ఈ పని ఎప్పుడో మొదలైంది. కాఠ్మాండూకు తూర్పున కొద్ది కిలోమీటర్లలో ఉన్న ఈ నేవారీ పట్టణం, 1979లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన కాఠ్మాండూ లోయలో భాగం. 1974 నుంచి 1986 దాకా జర్మనీ సాయంతో అక్కడ గుళ్లు, పాత ఇళ్లు, మురుగు కాలవలు బాగుచేశారు. ఆ సాయం ముగిశాక నిర్వహణ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందన్న సమస్యకు మునిసిపాలిటీ తన దారి తాను వెతుక్కుంది. విదేశీ సందర్శకుల మీద ప్రవేశ రుసుము పెట్టింది. నేపాలీలకు ఉచితం. మనలాంటి సార్క్ దేశాలవాళ్లకు తక్కువ, మిగతా విదేశీయులకు ఎక్కువ. ఊళ్లోకి వచ్చే దారుల్లో టికెట్టు కౌంటర్లు కనిపిస్తాయి. అక్కడ చేరిన సొమ్ము మునిసిపాలిటీదే. దాంతో గుళ్లకు కప్పులు మారుస్తారు, వీధుల్లో ఇటుక పరుస్తారు, కోనేళ్లు బాగుచేస్తారు. ఖ్వోప పేరుతో నడుస్తున్న కాలేజీలు కూడా ఆ మునిసిపాలిటీ పెట్టినవే.

2015 ఏప్రిల్ 25 భూకంపం ఈ ఏర్పాటుకు పరీక్ష పెట్టింది. 1702లో కట్టిన అయిదంతస్తుల న్యాతపోల గుడి నిలిచింది. రాజప్రాసాదం ముందున్న రాతి వత్సలా దుర్గ గుడి నేలమట్టమైంది. కాఠ్మాండూలో పునర్నిర్మాణాన్ని తక్కువ ధర కోట్ చేసిన కాంట్రాక్టర్లకు అప్పగించే పద్ధతి నడిచింది. రాణీ పోఖరి దగ్గర కాంక్రీటు పోస్తున్నారని జనం రోడ్డెక్కారు. భక్తపూర్ అదే సమయంలో పనిని వార్డుల్లోని స్థానిక కమిటీల చేతిలో పెట్టింది. ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్లు, తాతల నాటి నుంచి కర్ర చెక్కేవాళ్లు, ఇటుక పని తెలిసినవాళ్లు ఆ కమిటీల్లో ఉన్నారు. ఎంత మట్టి వచ్చింది, ఎన్ని దూలాలు పట్టాయి, ఎవరికెంత కూలి అన్నది వీధి మొత్తానికి తెలుస్తుంది. వత్సలా గుడి అలాగే మళ్లీ లేచింది. 2018లో జర్మన్ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ఇవ్వజూపిన సాయాన్ని, షరతులు తమ పద్ధతికి పొసగవని మునిసిపాలిటీ వద్దనుకుంది. సొంత ఆదాయం ఉన్న ఊరు మాత్రమే అంత ధైర్యం చేయగలదు.

డబ్బు ఊళ్లో ఎలా తిరుగుతుందో అక్కడి కుమ్మరుల చౌకులో తెలుస్తుంది. సారె మీంచి దించిన పచ్చి కుండలు వరసలుగా ఎండలో ఆరుతుంటాయి. కాల్చాక వాటిలో కొన్ని పెరుగు తోడేసేవాళ్ల దగ్గరికి వెళ్తాయి. గేదె పాలను మరిగించి, చక్కెర కలిపి, మూకుడులో తోడుపెడితే మట్టి తడిని పీల్చుకుని పెరుగు గడ్డకడుతుంది. దాన్ని జుజు ధౌ అంటారు, రాజుగారి పెరుగన్నమాట. గుడి చూసొచ్చిన మనిషి ఒక మూకుడు పెరుగు తింటే గేదెను పెంచినవాడికి, కుమ్మరికి, కొట్టువాడికి తలా కొంత చేరుతుంది. అదే సందర్శకుడు గుడి ముందు ఫ్యాక్టరీ చిప్స్ ప్యాకెట్టు కొంటే ఊళ్లో మిగిలేది కొట్టువాడి కమీషను, ఖాళీ కవరు.

భక్తపూర్‌ను ఉన్నదున్నట్టు దించుకోలేం. అది పల్లె కాదు, పట్టణం. అక్కడి మునిసిపాలిటీని నేపాల్ మజ్దూర్ కిసాన్ పార్టీ ఏళ్ల తరబడి నడుపుతోంది. అంతటి రాజకీయ నిలకడ అన్నిచోట్లా దొరకదు. అయినా అక్కడి మూల విషయం ఎక్కడికైనా వర్తిస్తుంది. ఖాతా ఊరి పేరున ఉంది, పని ఊరి చేతిలో ఉంది.

ఈ రెండూ లేకపోతే ఏమవుతుందో హంపీలో చూశాం. 1986లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఆ చోటికి తెలుగు నేల నుంచి వెళ్లని బడిపిల్లల బస్సు లేదు. విరూపాక్ష గుడి ఎదుటి రథవీధిలో, విజయనగర కాలపు రాతి మండపాల్లో, వందల కుటుంబాలు ఇళ్లు, టీకొట్లు, బట్టల దుకాణాలు పెట్టుకుని బతికేవి. మండపాలకు దెబ్బ తగులుతోందన్నది నిజం. 2011 జులైలో బుల్డోజర్లు వచ్చాయి. ఆ కుటుంబాలను కద్దిరాంపురకు తరలించారు. తుంగభద్రకు అవతల విరూపాపుర గడ్డె మీద వెలసిన రిసార్టులను 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూల్చేశారు. చట్టం ప్రకారం రెండూ సరే కావచ్చు. కానీ ఆ కొట్లూ రిసార్టులూ ఒక్క రాత్రిలో లేచినవి కావు. ఏళ్ల తరబడి చూసీచూడనట్టు వదిలేసి, ఒకనాడు అందరినీ ఆక్రమణదారులుగా తేల్చారు. మొదటి నుంచీ ఏది ఎక్కడ పెట్టుకోవచ్చో ఊరితో కూర్చుని రాసుకుని ఉంటే బుల్డోజరు అవసరం వచ్చేది కాదు.

ఇందుకు భిన్నంగా నడిచిన ఊరు అదే తుంగభద్ర అవతలి ఒడ్డున ఉన్న ఆనెగొంది. పుట్టిలో దాటితే కొద్ది నిమిషాలు. 1997లో శమా పవార్ అక్కడ కిష్కింద ట్రస్టు పెట్టి, ఊళ్లో ఏముందన్న దగ్గర మొదలుపెట్టారు. కనుచూపు మేర అరటి తోటలున్నాయి. గెల కోశాక బోదెను నరికి పారేస్తారు. పూలు కట్టడానికి అరటి నార వాడటం మన ఇళ్లలోనూ ఉన్నదే. అక్కడి ఆడవాళ్లు ఆ బోదె దొప్పలను ఒలిచి, ఎండబెట్టి, సన్నటి పేలికలుగా చీలుస్తారు. తడిచేసి పేనితే తాడవుతుంది. ఆ తాడును కొక్కీతో అల్లితే సంచులు, బుట్టలు, చాపలు తయారవుతాయి. పొలం పని లేని వేళ ఇంటి అరుగు మీద కూర్చుని చేసుకునే పని ఇది. పెట్టుబడి చేతి ఒడుపే. దాంతోపాటు ఊళ్లోని పాత మట్టిగోడల ఇళ్లను, పెంకుటిళ్లను కూల్చకుండా బాగుచేసి బస ఇళ్లుగా మార్చారు. ఇల్లు డబ్బు తెస్తుందని తెలిశాక దాన్ని పడగొట్టి స్లాబు వేయాలన్న తొందర తగ్గుతుంది. పాత ఇల్లు నిలవడానికి ఏ నోటీసు కన్నా ఇదే బలమైన కారణం.

పెరూ ఉత్తర తీరంలో సాన్ హోసె దె మోరో అనే ఊరు ఇదే దారిలో నడిచింది. మోచే నాగరికత కాలపు పూజారిణుల సమాధులు 1990ల మొదట్లో అక్కడ బయటపడ్డాయి. సమాధులు తవ్వి కుండలు అమ్ముకోవడం ఆ తీరంలో పాత జబ్బు. 2010లో పుట్టిన సస్టెయినబుల్ ప్రిజర్వేషన్ ఇనీషియేటివ్ అనే సంస్థ అక్కడ చిన్న మొత్తంతో కుండల పని కేంద్రం, దుకాణం పెట్టించింది. సన్న గీతలతో బొమ్మలు వేసే మోచే శైలిని అనుసరించి స్థానికులు కొత్త కుండలు చేస్తారు, లాభం ఊరిదే. సమాధుల్లోని పాత కుండకు కాపలా కాయడానికి, కొత్త కుండ అమ్ముడుపోవడం కన్నా గట్టి ప్రేరణ ఏముంటుంది?

తెలుగు నేల మీద ఈ విషయం ఇప్పుడే తేలాల్సిన చోటు ములుగు జిల్లా పాలంపేట. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021 జులై 25న యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ జాబితాలో చేరిన మొదటి తెలుగు కట్టడం అదే. నీటిలో తేలే ఇటుకలు, ఇసుక పెట్టె మీద వేసిన పునాది, సూది దూరేంత సన్నటి రంధ్రాలు తొలిచిన నల్లరాతి శిల్పాలు, కప్పుకు దన్నుగా నిలిచిన మదనికలు. చూపేవాడు ఉండాలేగానీ గంటసేపు కాలు కదలదు. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసింది ఈ గోడల మీది భంగిమలు చూసే.

అయితే సందర్శకుడి రోజు ఎలా గడుస్తుంది? పొద్దున్నే హైదరాబాదులో కారెక్కుతాడు. దారిలో టిఫిను హైవే హోటల్లో. గుడి చూస్తాడు, చెరువుగట్టు ఎక్కుతాడు, ఓపికుంటే లక్నవరం చెరువు దాకా వెళ్తాడు. రాత్రి బస హనుమకొండలో. పాలంపేటలో అతను ఖర్చు పెట్టింది కొబ్బరికాయకు, ఒక టీకి. ఇంత పేరు తెచ్చిన గుడి పక్కన ఉన్న ఊరికి ఇది చాలా తక్కువ.

2022 డిసెంబరు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము రామప్ప దగ్గర కేంద్ర ప్రసాద్ పథకం కింద 62 కోట్ల రూపాయల పనులకు శంకుస్థాపన చేశారు. వివరణ కేంద్రం, సినిమా హాలు, సామాన్లు భద్రపరిచే గదులు, ఫుడ్ కోర్టు, జ్ఞాపికల దుకాణం, పార్కింగు, చెరువుగట్టు అందాలు అందులో ఉన్నాయి. ఇవన్నీ కావాల్సినవే. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేని యాత్రాస్థలం యాత్రాస్థలమే కాదు. కానీ కట్టడం ఒక ఎత్తు, కట్టాక అది ఎవరి చేతికి వెళ్తుందన్నది ఇంకో ఎత్తు. ఫుడ్ కోర్టు, దుకాణం, పార్కింగు బహిరంగ టెండరులో పెద్ద పాట పాడినవాడికి పోతే, పాలంపేట యువకుడు అక్కడ రశీదులు చించే కూలీగా మిగులుతాడు. ఊరి మహిళా సంఘాలకు మొదటి హక్కు ఇస్తే ఆ కుటుంబాలు యజమానులవుతాయి.

ఆ సంఘాలకు చేతనవుతుందా అని అడిగేవాళ్లు డ్వాక్రా చరిత్ర మరిచిపోయినట్టే. పొదుపు, అప్పు, పుస్తకాల లెక్క, బ్యాంకు లింకేజీ విషయంలో మన మహిళా సంఘాల దగ్గర దేశమే పాఠం నేర్చుకుంది. తెలంగాణలో 2024 నుంచి మహిళా శక్తి క్యాంటీన్లను నడుపుతున్నది వాళ్లే. కలెక్టరేటులో భోజనం పెట్టగలిగినవాళ్లు గుడి దగ్గర జొన్నరొట్టె, సర్వపిండి పెట్టలేరా? ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల గిరిజనులు అటవీ శాఖతో కలిసి అడవి విడిదిని నడిపి చూపించారు. అడవిలో సాధ్యమైంది గుడి దగ్గర ఎందుకు కాదు?

లేపాక్షి మరో రకం అవకాశం. వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. బెంగళూరు నుంచి వచ్చే కార్లకు కొదవలేదు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఫొటో తీసుకుని, తలెత్తి కప్పు మీది చిత్రాలను ఒక నిమిషం చూసి, చీకటిపడక ముందే వెనక్కి తిరిగిపోతారు. లేపాక్షి ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరు ఉంది. అక్కడ మేకతోలును పలచగా గీకి, ఉలితో చుక్క చుక్కగా తొలిచి, రంగులద్ది తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. లేపాక్షి కప్పు మీది బొమ్మలకూ తోలుబొమ్మలకూ పోలిక ఉందని కళాచరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు. గుడి చూసినవాళ్లు రాత్రి దీపం వెలుగులో తోలుబొమ్మలాట కూడా చూసేలా ఏర్పాటు ఉంటే చాలామంది ఒక పూట ఆగుతారు. ఆగితే భోజనం, బస, బొమ్మ కొనుగోలు అన్నీ ఆ జిల్లాలోనే. బొమ్మలవాళ్లతో, గుడి చుట్టుపక్కల ఇళ్లవాళ్లతో ముందుగా మాట్లాడకుండా పైనుంచి దించే ఉత్సవాలతో ఇది జరగదు. ఏడాదికోసారి స్టేజీ మీద బొమ్మలాడించి శాలువా కప్పి పంపడం వాళ్ల బతుకును మార్చదు.

పంచాయతీ చేతికి డబ్బిస్తే సర్పంచి తినేస్తాడన్న మాట వెంటనే వస్తుంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. గుడి ముందు కొట్లన్నీ ఒకే కుటుంబం బంధువులకు పోయిన సందర్భాలు ఏ యాత్రాస్థలంలోనైనా దొరుకుతాయి. ఊరు అంటే అందరూ సమానంగా ఉన్న చోటు కాదు. దళితవాడ ఆడవాళ్ల చేతికి దుకాణం రాకపోతే అది ఊరి అభివృద్ధి అనిపించుకోదు. దీనికి మందు కూడా మన దగ్గరే తయారైంది. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని 2006లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టింది. మస్టరు రోలు గ్రామసభలో పైకి చదివితే, చనిపోయినవాడి పేరున కూలి ఎవరు తీసుకున్నారో ఊరే చెప్పింది. పార్కింగు రశీదుల లెక్కను, దుకాణాల కేటాయింపును ఏడాదికి రెండుసార్లు అలాగే చదవాలి. ఢిల్లీకి పోయిన టికెట్టు సొమ్ము గురించి ఏ ఊరి గ్రామసభా ఇవాళ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అవినీతి భయం ఉన్నవాళ్లు ఆ సంగతినీ పట్టించుకోవాలి.

డబ్బు రుచి మరిగితే ఊరే గుడిని పాడుచేస్తుందన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజముంది. అందుకే రాయి మీద చెయ్యి పడే ఏ పనైనా పురావస్తు శాఖ నిపుణుల చేతిలోనే ఉండాలి. ఆ అధికారాన్ని ఎవరూ పంచాయతీకి అడగడం లేదు. రోజుకు ఎంతమంది రావచ్చు, మైకు ఎంత దూరంలో ఆగాలి, రంగులు పూయకూడని గోడ ఏది అన్నవి నిపుణులు చెప్పాలి. వాహనాలు ఎక్కడ ఆగాలి, కొట్టు ఎవరికి, గైడు శిక్షణ ఎవరికి, వచ్చిన సొమ్ముతో ముందు కాలవ కట్టాలా బడికి గోడ కట్టాలా అన్నవి ఊరు తేల్చాలి.

టికెట్టులో వాటా ఇవ్వడానికి కేంద్రం నిబంధనలు మార్చాలి, దానికి సమయం పడుతుంది. పైగా టికెట్టున్న కేంద్ర కట్టడాలు దేశమంతా కలిపి 150 లోపే. మన రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. తెలంగాణకు 2017 నాటి సొంత వారసత్వ చట్టం ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి చట్టం ఉంది. రాష్ట్ర రక్షిత కట్టడాలు రెండుచోట్లా వందల్లో ఉన్నాయి. వాటి దగ్గరి పార్కింగు రుసుము పంచాయతీకే చెందాలనీ, దుకాణాల్లో సగానికి తగ్గకుండా ఆ ఊరి మహిళా సంఘాలకు ఇవ్వాలనీ, గైడుగా ఆ మండలం యువతకే శిక్షణ ఇచ్చి గుర్తింపు కార్డు ఇవ్వాలనీ చెప్పే ఉత్తర్వుకు ఢిల్లీ సంతకం అక్కర్లేదు. రామప్ప దగ్గర కట్టే ఫుడ్ కోర్టు, జ్ఞాపికల దుకాణం నిర్వహణకు టెండరు షరతులు రాసేటప్పుడు పాలంపేట గ్రామసభ తీర్మానాన్ని తప్పనిసరి చేయడం పర్యాటక శాఖ ఈ ఏడాదే చేయగల పని.